నేను తీసేసిన రెండో ప్రతి

మా స్టడీ సెంటర్‌లో కంప్యూటర్ గురించి అందరికంటే ఎక్కువ చదివినవాణ్ణి నేనే. చదివానన్నాను, చేశాననలేదు. ఆ తేడా నాకు తెలిసిరావడానికి వారం రోజులు పట్టింది.

దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్ల కోసం యూనివర్సిటీ సూర్యాపేటలో నడిపిన సెంటర్ అది. ఒక కాలేజీ వెనక రెండు గదులు. ఒకదాంట్లో ఆదివారం క్లాసులు, రెండోదాంట్లో లైబ్రరీ, ఒక కంప్యూటర్. ఆ లైబ్రరీకి నేను అటెండర్‌ని. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. తర్వాతిదంతా ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో బల్ల మీద మోచేతులు ఆనించి చదువుకున్నదే. గ్రహణాల గురించి అడిగినా, బావుల తవ్వకం గురించి అడిగినా ఒక పేజీకి తక్కువ కాకుండా చెప్పగలను. అడిగేవాళ్లు ఉండేవారు కాదు. నేను అందుకోసం ఆగేవాణ్ణి కాదు.

రాష్ట్రం వస్తదా రాదా అని బస్సుల్లో మాట్లాడుకుంటున్న రోజుల్లో యూనివర్సిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు అన్నీ కొత్త ఆన్‌లైన్ సిస్టంలోకి మారుతున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సెంటర్ల జాబితాలను మేమే ఒకచోట కలిపి, సరిచూసి ఎక్కించాలి. శనివారం సాయంత్రం ఐదు లోపల అసైన్‌మెంట్ మార్కులు ఎక్కనివాళ్లకు హాల్‌టికెట్ రాదు.

మా కోఆర్డినేటర్ సారు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. కాగితం రెండుసార్లు చదివి, "ఎవలకన్న వస్తదా గీ పని?" అన్నారు. గదిలో ఉన్నది ఆయన, నేను.

"నేను చేస్త సార్. కంప్యూటర్ మీద పుస్తకం చదివిన."

"పుస్తకం చదివితె అయితదా?"

"రెండుసార్లు చదివిన సార్."

ఆ పుస్తకం ఫ్లాపీల దగ్గరే ఆగిపోయిందనీ, మౌస్ ఎలా పట్టుకోవాలో బొమ్మలతో చెప్పడానికే ఒక అధ్యాయమంతా ఖర్చు చేసిందనీ నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మూడు జాబితాలూ కలిపాను. సరిచూడడమంటే నాకు తెలిసింది లైబ్రరీ పద్ధతి. ఒకే పుస్తకం ప్రతులు ఎన్ని ఉన్నా కేటలాగులో కార్డు ఒక్కటే ఉంటుంది. అలా వెతుకుతూ పోతే నాకు ఒక జంట దొరికింది. మిర్యాలగూడ జాబితాలో ఒకామె, కోదాడ జాబితాలో ఒకామె. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరులో మొదటి అక్షరం, పుట్టిన సంవత్సరం, అన్నీ ఒకటే. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. ఈమె మిర్యాలగూడలో చేరి ఉంటుంది, పెళ్లయ్యాక కోదాడ వైపు వెళ్లి సెంటర్ మార్చుకుని ఉంటుంది, అక్కడివాళ్లు మళ్లీ కొత్తగా రాసుకుని ఉంటారు. ఆమెకు పెళ్లి చేసి, కాపురం మార్చి, మిర్యాలగూడ వరుసలోని మార్కులు కోదాడ వరుసలో కలిపి, మిర్యాలగూడ వరుస తీసేశాను. ఇంతా చేసి ఆమెను ఒక్క మాట అడగలేదు.

"డూప్లికేట్ ఒకటుండె సార్, పట్టుకున్న" అని సారుతో చెప్పాను. ఆయన మెచ్చుకోలుగా తలూపారు.

గురువారం కోదాడ సెంటర్ క్లర్కు మేడం ఫోన్ చేసింది. "ఏంటండీ, మా మఠంపల్లి అమ్మాయికి అసైన్‌మెంట్లు డబుల్ చూపిస్తోంది? ఆమె ఇచ్చినవి మూడేనండీ."

"కొత్త సిస్టం మేడం. మొదట్ల గట్లనే ఉంటది. సర్దుకుంటది."

"సరేలెండి, మీరు చదివినవారు కదా."

నేను పొంగిపోయాను. కోదాడ వాళ్ల వెటకారం చాలా మర్యాదగా ఉంటుంది. నాకు అది రెండు రోజులు ఆలస్యంగా అందింది.

శనివారం పొద్దున ఒకామె లైబ్రరీ గుమ్మం ముందు నిలబడింది. ముప్పై దాటిన మనిషి, చేతిలో పాలిథీన్ కవరు. వేములపల్లిలో అంగన్‌వాడీ టీచర్‌నని చెప్పింది. మిర్యాలగూడ సెంటర్‌వాళ్లు ఇక్కడికి పొమ్మంటే రెండు బస్సులు మారి వచ్చిందట.

"సార్, నేను ఆన్‌లైన్ల లేనట."

పేరు చెప్పింది. నా జంటలో మొదటి సగం.

"నువ్వు ఉన్నవమ్మా. కోదాడల ఉన్నవ్."

"కోదాడ నేనెన్నడు సూడలే సార్."

"సెంటర్ మార్చుకున్నవ్ గద, పెండ్లయినంక."

"పెండ్లయి పదేండ్లాయె. మా ఆయనది మా ఊరే."

నేను వదల్లేదు. కేటలాగు పద్ధతి, ఒకే కార్డు సూత్రం ఓపికగా వివరించాను. ఆమె అంతకంటే ఓపికగా విన్నది.

"ఈ పేరున్నోళ్లు మా ఊర్లనే ముగ్గురున్నం సార్. మా నాయనకు గొర్లున్నయి. రెండు మందలు కలిసిపోతె రెండు గొర్లు ఒక్క తీరుగ ఉన్నయని ఒకదాన్ని లేదంటడా? చెవు సూస్తడు. ఏ మందది ఆ మందకు చెవు కోసిన గుర్తుంటది." కవరులోంచి అసైన్‌మెంట్లు ఇచ్చిన రసీదు తీసి బల్ల మీద పెట్టింది. "జర నా నంబర్ సూడండి. ఈ ఏడు డిగ్రీ కాకుంటె సూపర్‌వైజర్ పోస్టుకు నా వయసు దాటుతది."

అడ్మిషన్ నంబర్ చూశాను. కోదాడ ఆమె నంబర్‌తో పోలిస్తే మొదటి రెండు అంకెల దగ్గరే తేడా తేలిపోయింది. అవి సెంటర్ గుర్తు. ఇద్దరూ వేరు వేరు మనుషులు.

ఇక్కడ నా సిగ్గు పూర్తిగా చెప్పాలి. లైబ్రరీలో ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే కార్డు ఒకటే అన్న మాట నిజమే. కానీ ఏ ప్రతికా ప్రతికి వేరే నంబర్ వేస్తారు. అది మొట్టమొదటి పాఠం. రోజూ పుస్తకాల వెనక ఆ నంబర్లు వేసేది నేనే. నా సొంత పనే నాకు తెలియలేదు, పరాయి పని తెలుసని చేయెత్తాను.

సారు యూనివర్సిటీకి ఫోన్ చేశారు. తీసేసిన పేరు మళ్లీ ఎక్కించడం మా చేతుల్లో లేదు, వాళ్లే చేయాలి. దానికి తీసేసిన మనిషి కారణం రాసి, సంతకం పెట్టి పంపాలి. అప్పటికి పన్నెండు దాటింది.

కాగితం తీసుకుని రాశాను. "సాంకేతిక కారణాల దృష్ట్యా, పరివర్తన ప్రక్రియలో భాగంగా, కొన్ని వివరములు అదృశ్యమైనందున." చూసుకుంటే ముచ్చటేసింది. రెండో పేరా మొదలుపెట్టాను. ఆమె కుర్చీలోంచి వంగి చదివింది.

"ఇందుల మీరు తీసేసిన్రని ఏడుంది సార్?"

"అర్థం వస్తదమ్మా."

"నాకైతె వస్తలేదు. యూనివర్సిటోళ్లకు వస్తదో రాదో."

సారు గడియారం చూసి, "ఆమె చెప్పినట్టు రాయవయ్యా" అన్నారు.

ఆ కాగితం చించి ఇంకోటి తీశాను. పేర్లు ఒకటే అయినందువల్ల ఇద్దరినీ ఒక్కరే అనుకున్నాను. నంబర్ చూడలేదు. మిర్యాలగూడ విద్యార్థిని పేరు నేనే తీసేశాను. ఆమె తప్పు లేదు. నాలుగు వాక్యాలు. ఇన్నేళ్ల నా చదువులో నేను రాసిన అతి చిన్న రచన అది. బస్టాండు ఎదుటి నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి పంపాను. తిరిగొచ్చి, కోదాడ మేడంకు ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను. "అదేనండీ, మీరు చదివినవారు కదా" అంది మళ్లీ. ఈసారి వెంటనే అందింది.

వేములపల్లి ఆమె మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. మా లైబ్రరీ బెంచీ మీదే కూర్చుని ఉంది. ఏదన్నా పుస్తకం ఇవ్వమంటవా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

నాలుగు దాటాక యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది, ఎక్కించాం చూసుకోండని. కోదాడ వరుసలో నేను కలిపిన మార్కులు తీసేశాను. వాటిని నేను చదువుతుంటే సారు సరిచూశారు, ఈమె వరుసలో ఒక్కోటి నింపాను. ఆమె నా పక్కకొచ్చి, తెర మీద వేలుపెట్టి నంబర్ ఒక్కో అంకె పైకి చదువుతూ రసీదుతో పోల్చుకుంది. చివరి అంకె దాకా వచ్చాక ఊపిరి వదిలింది.

"ఇగ ఇది నేనే సార్."

రసీదు మడిచి కవరులో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ ఆగింది.

"సార్, నన్నెక్కించంగ ఆ కోదాడ ఆమె పోలేదు గద? జర సూడండి."

పేరుతో కాదు, నంబర్‌తో వెతికాను. ఉంది. మూడు అసైన్‌మెంట్లే ఉన్నాయి.