వంకకు కట్టిన గుడ్డ

"గోతం కుట్టినావా?"

"దారం లేదు."

"నోరు కుట్టుకునేదానికన్నా ఉండాదా?"

"ఉండాది. నీది కుట్టేదానికని దాచిపెట్టినా."

నేనూ నా మొగుడూ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ ఆ చినిగిన గోతాన్నే భుజాన వేసుకుని కొండకు పోయాడు. మధ్యాహ్నానికి నలుగురు మోసుకొచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ "పోయేముందు ఏం చెప్పినాడమ్మా?" అని అడగడమే. గోతం సంగతి చెబితే మొహాలు మాడ్చుకునేవాళ్లు. వాళ్లకు ఏదో పెద్ద మాట కావాలి. మా ఇంట్లో పెద్ద మాటలు ఏనాడూ లేవు, నేనెక్కడి నుంచి తెచ్చేది?

ఇది నేను చెబుతున్నాను, మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు. అంతకు మించి రాదు.

మాది పెనుకొండకు ఉత్తరాన, ధర్మవరం పోయే రైలుదారి పక్కనున్న చిన్న ఊరు. టౌను అని మాకు మేమే అనుకుంటాం. పోలీసు స్టేషను ఉంది, రెండు హోటళ్లున్నాయి, రైలు ఆగుతుంది, ఇంకేం కావాలి! ఊరికి ఉత్తరపక్కంతా అడవే. అడవంటే చీకటి కమ్మే అడవి కాదు. బండలు, తంగేడు, బలుసు కంప, నడుమ నడుమ సీతాఫలం చెట్లు. ఎండాకాలంలో చూస్తే ఎవరో కట్టెలు కుప్ప పోసినట్టుంటుంది. నాలుగు వానలు పడ్డాయంటే పచ్చబడి, ఎలుగుబంటి పక్కనే కూర్చున్నా కనబడదు.

వానలు లేక చేలలో వేరుశనక్కాయ ఎండిపోయిన ఏడల్లా ఊరికి కూడు పెట్టింది ఆ కొండే. మా అత్త కాలంలో ఆడవాళ్లు కట్టెల మోపులు రైలెక్కించి హిందూపురంలో అమ్మేవాళ్లు. సగం ఇళ్లకు పైకప్పు బోదగడ్డి, అదీ కొండదే. నేను కాపురానికి వచ్చేసరికి కట్టె కొట్టకూడదన్నారు. ఇక సీతాఫలమే మిగిలింది. గంపలతో పొద్దున ప్యాసింజరు ఎక్కేవాళ్లం. హిందూపురంలో కన్నడమామె ఒకామె కాయను ఊరికే నొక్కి, ఇంకా పండలేదని పేచీ పెట్టేది. "నువ్వు నొక్కేదానికి నీ చేతిలోనే పండుతాదిలే, కింద పెట్టమ్మా" అనేదాన్ని. అయినా కొనేది. మళ్లీ నా దగ్గరికే వచ్చేది.

ఇప్పుడు పిల్లలంతా పెనుకొండ పక్కన ఫ్యాక్టరీల బస్సులెక్కి పోతారు. లేదంటే ధర్మవరంలో మగ్గం మీద కూర్చుంటారు. కొండెక్కేవి మాలాంటి ఇళ్లు కొన్నే. ఊరి చరిత్ర ఏమిటని ఎవరైనా అడిగితే మా మగవాళ్లు పెనుకొండ కోట గురించి మొదలుపెడతారు. ఆ కోటలో మా ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా? రాళ్లు మోసి ఉంటారు, అంతే. మా చరిత్ర వంకల్లో ఉంది. అది ఒక్కడూ చెప్పడు.

కొండ మీద నుంచి నీళ్లు దిగే పల్లాలను మేము వంకలంటాం. ఒక్కో ఇంటికి ఒక్కో వంక. ఆ వంకలో చెట్ల కాయలు ఆ ఇంటివాళ్లవే. పట్టా లేదు, కంచె లేదు. ఆషాఢంలో పిందె పడగానే ఇంటి మగవాడు తన పాత పంచె చించి, వంక మొదట్లో ఉన్న చెట్టుకు ఒక పేలిక కడతాడు. కట్టినాక ఇంకొకరు ఆ వంకలో చెయ్యి పెట్టరు. పక్కవాడి కాయ కన్ను విచ్చి, అంటే గళ్ల మధ్య గీతలు తెల్లగా విడిపోయి, కోతకొచ్చి నీ భుజానికి తగులుతున్నా సరే, తల వంచుకుని పోవాల్సిందే. మా ఊళ్లో గట్లు జరుపుకున్నారు, కోళ్లు దొంగిలించారు. వంకలో కాయ కోసినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

దానికి తోకలాగా ఇంకో కట్టుబాటుంది. ఇంటి మగవాడు చనిపోతే, మట్టి చేసి వచ్చిన సాయంత్రమే పెద్దవాళ్లు వెళ్లి ఆ పేలిక విప్పేస్తారు. పోయినవాడి గుడ్డ కొండ మీద ఎగరకూడదట. ఏడాది తిరిగి సంవత్సరికం పెట్టేదాకా ఆ ఇంటివాళ్లు వంకలోకి పోకూడదు. ఆ తర్వాత కొడుకు కడతాడు. నాకు కొడుకు లేడు. ఉన్నది కూతురు, కదిరిలో కాపురం.

పోయినేడు తొలికోతకు కాయ కన్ను విచ్చే రోజుల్లో ఆయన పోయాడు. ఆ సాయంత్రమే పేలిక విప్పారు. వంక నిండా కాయ. నేను ఇంట్లో కూర్చున్నాను. కాయలు విచ్చుకున్నాయి, పగిలాయి, రాలాయి. కోతులు తిన్నాయి, ఎలుగుబంట్లు తిన్నాయి. నేను ఊరివాళ్ల చేలల్లో కూలికి పోయి వేరుశనక్కాయలు పెరికాను. పక్కింటామె ఒకరోజు చింతపండు అడగడానికి వచ్చి, పుణ్యం చేసినట్టు చెప్పింది.

"మీ వంకలో ఒక్క కాయ ముట్టలేదక్కా. మా ఇంటాయప్ప పిల్లోళ్లను గూడా పోనీలేదు. నీ మొగునికి అంత మర్యాద ఇచ్చినాం."

"ముట్టింటే బాగుండు గదే. ఓ గంప నాకు తెచ్చిచ్చింటే ఇంగా బాగుండు."

"అయ్యో, తప్పు గదక్కా!"

ఆమె చింతపండు తీసుకుని వెళ్లిపోయింది. ఆమెను ఏమనాలి? మనసు మంచిది. ఊరంతా మంచి మనసే. ఆ మంచితనం మధ్య నాకు ఒక పంట మట్టిపాలైంది.

ఈ ఏడు ఆషాఢం వచ్చింది. పేలిక కట్టేది ఆషాఢంలో. ఆయన సంవత్సరికం వచ్చేది భాద్రపదంలో. అంటే ఈ కాపూ పోయినట్టే. రెండు కాపులు పోతే ఆ వంక మాదని ఎవరికి గుర్తుంటుంది? పొద్దున్నే ఆయన పంచె తీసి ఒక అంచు చించుకుని బయల్దేరాను. వీధి మొగదల మా బావ, అంటే నా మొగుడికి పెదనాయన కొడుకు, పళ్లు తోముకుంటూ నిలబడి ఉన్నాడు. పేలిక విప్పింది ఆయనే.

"ఏమ్మా, యాడికి పోతాండావు?"

"కొండకు."

"ఏడాది తిరగలేదు గదమ్మా."

"కాయకు తెల్సునా బావా, ఏడాది తిరగలేదని?"

"మైల ఉండాది..."

"కోతులకు లేదా మైల? పోయినేడు అవి తినలేదా?"

నేను పోయి కట్టాను. ఆడది కట్టిన పేలిక మా కొండ మీద అదే మొదటిదట. కట్టేటప్పుడు నాకు అదేమీ తోచలేదు. ముడి జారకుండా చూసుకున్నాను, అంతే.

మొన్న కాయ ఎలా ఉందో చూద్దామని పోయాను. నా పేలిక ఉంది. దాని పక్కనే కొత్త తువ్వాలు, ఎర్రంచుది, కట్టి ఉంది. ఎవరు కట్టారో అడగక్కర్లేదు. ఆ తువ్వాలు మా బావ భుజాన చూశాను. అయినా మా ఇంటికి మిగిలిన మగవాడు అల్లుడొక్కడే కాబట్టి, కదిరికి అతనికి ఫోన్ చేసి అడిగాను. అతను సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు.

"నాకేం తెల్దత్తా. పెద్దమామ ఫోన్ జేసి, నీ పేరు మీద కడతాండా అన్యాడు. సరే అంటి. ఏం కడతాండాడో అడగల్యా."

"వంక యాడుండాదో తెల్సునా నీకు?"

"కొండ మీద గదా?"

ఇతని పేరు మీద వంక! మా బావకు ఇదీ మర్యాదే. నా కడుపు కొట్టాలని ఆయనకు లేదు. నేను కాయ కోసుకోవాలి, కట్టుబాటూ నిలవాలి, అందుకని ఒక మగవాడి పేరు తగిలించాడు. రేపు నేను పోతే వంక ఎవరిది? కదిరిలో ఫోన్లు విప్పే అల్లుడిది. ఇన్నేళ్లు ఆ బండల మీద కాళ్లు కొట్టుకుని, ముళ్లు పీక్కుని, గంపలు మోసింది నేను. నా మొగుడు కోసేవాడు, నేను మోసేదాన్ని. నా పేలిక ఒక్కటి చాలదా?

తువ్వాలు విప్పుకుని వచ్చేశాను. ఉతికి దండెం మీద వేశాను. ఈ పొద్దున బావ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"విప్పినావంట?"

"ఉతికి పెట్టినా. తీసుకపో."

"నీ మేలుకే గదమ్మా కట్టింది. ఊరు ఏమనుకుంటాది?"

నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి "కూచోమ్మా, ఆవేశపడొద్దు" అన్నాడు. ఎప్పుడూ ఇదే. నా మాట సగంలో ఉండగానే నన్ను కూర్చోబెడతారు. తువ్వాలు అక్కడే వదిలేసి పోయాడు. రేపు పొద్దున నలుగురు పెద్దలను కూర్చోబెడతాడట.

కూర్చోబెట్టనీ. అందుకే ఇదంతా రాయించాను. రేపు పెద్దల ముందు ఈ పిల్ల దీన్ని చదివి వినిపిస్తుంది. చదువుతున్న పిల్లను కూర్చోమనరు కదా. వంక నాది, పేలిక నాది. నేను బతికున్నంత కాలం ప్రతి ఆషాఢం నేనే కడతాను. మైల ఉంటే నాకే అంటుకోనీ.

"అత్తా, నిన్ను మొండిదని ఊరంతా అంటారని రాయాల్నా?"

వద్దు. అది వాళ్లు రేపు ఎలాగూ అంటారు. ఎక్కడైనా నా మాట మెత్తగా మార్చావేమో, ముందు నేను వినాలి. మొదట్నుంచి చదువు, పాపా. నిదానంగా.