మూతల మీద పేర్లు

మొన్న క్షయ పరీక్షలకని ఇంటింటికీ తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్త మా గుమ్మంలో కూర్చుని, కళ్ళె డబ్బా మీద నా పేరు గుండ్రటి అక్షరాల్లో తీరుబడిగా రాస్తుంటే నాకు ఒళ్ళు మండి, పేరెందుకమ్మా, నంబరు వేస్తే చాలదా అని కసిరేశాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

రెండువేల నాలుగు ప్రాంతంలో నేను దుబాయ్‌లో ఆసుపత్రి నర్సు ఉద్యోగం మానుకుని, ఒక విశ్వవిద్యాలయం వారి పరిశోధనలో చేరాను. అల్ కుసైస్ లేబర్ క్యాంపుల్లో క్షయ ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతోందో తేల్చడం మా పని. క్రిముల డాక్టర్లు, లెక్కలు కట్టే ఆవిడ, గదుల్లో గాలి ఎలా తిరుగుతుందో కొలిచే ఇంజనీరు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు గానీ, ఒకరి మాట ఇంకొకరికి సగమే అర్థమయ్యేది. మంచం మీద మంచం వేసిన ఆ గదుల్లోకి వెళ్ళి, మనవాళ్ళను బతిమాలి దగ్గించి కళ్ళె పట్టడం మాత్రం నా వంతు.

అప్పట్లో క్షయ అని తేలితే వీసా ఖలాస్, విమానం ఎక్కించేసేవారు. అందుకే డబ్బా మీద నంబరే ఉండాలని, పేర్ల జాబితా ప్రొఫెసరుగారి బీరువా దాటకూడదని నియమం. అయినా మా కోనసీమవాడు, వరసకు తమ్ముడు, డబ్బా పుచ్చుకోవడానికి భయపడ్డాడు.

"పేరు రాయవు కదక్కా? తెలిత్తే కేన్సిల్ చేసేత్తారు."

"రాయన్రా, ప్రభువు తోడు" అన్నాను.

రాశాను. ఐసు పెట్టెలో చెమ్మకు నంబరు కాగితాలు ఊడిపోతుంటే, ఒకరి రోగం ఇంకొకరి నెత్తిన పడుతుందేమోనన్న భయంతో ప్రతి మూత మీదా నంబరూ పేరూ తెలుగులో రాసుకున్నాను. ఈ దేశంలో తెలుగు చదివేదెవరులే అనుకున్నాను. అతితెలివి! ల్యాబు వ్యాను వచ్చేదాకా పెట్టె ఉండేది క్యాంపు ఆఫీసులో. అందరితోనూ హిందీలోనే మాట్లాడే అక్కడి గుమాస్తా కరీంనగర్ వాడని నాకు తెలియదు.

ఫలితాలు వచ్చాక, ఏ గదులకు కిటికీలు అవసరమో చెప్పడానికి మా ఇంజనీరు రోగం తేలిన నంబర్లను గదులవారీగా క్యాంపుకు పంపాడు, వట్టి నంబర్లే కదా అని. గుమాస్తా మూతల మీద నుంచి నంబర్లూ పేర్లూ చూసి రాసుకున్న కాగితం పక్కన పెట్టి చూసుకున్నాడు. నిలదీస్తే, "ముదీర్, మా మేనేజరు సాబ్ అడిగిండు మేడమ్, నా కొలువు నేను చూసుకోవద్దా?" అన్నాడు. ఒక్క మాత్రయినా మింగకముందే, మూడో రోజున తమ్ముణ్ణి పంపేశారు. కిటికీలు మాత్రం పెట్టలేదు. మా పరిశోధన పత్రం అచ్చయింది, చివర కృతజ్ఞతల్లో నా పేరూ వేశారు.

ఊళ్ళో అతను మందులు మొదలుపెట్టి, కాస్త తేరుకోగానే మానేసి, మళ్ళీ మంచం పట్టాడు. అక్క వల్లే రోగం బయటపడిందని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

ఇప్పుడు అక్కడ రూల్సు చాలా మారాయని, ఇదివరకటిలా కాదని, ఈ మధ్య వచ్చినవాళ్ళు అంటున్నారు. సంతోషించాలి, కానీ నా వల్ల కావడం లేదు. ఆ పేరు రాసింది నేనేనని చెప్పడానికి, అతను పోయేలోగా నాకు మూడు సెలవులు దొరికాయి. మూడుసార్లూ వాళ్ళింట్లో చేపల పులుసుతో అన్నం తిని, వచ్చేశాను.