వెనక గోడ దగ్గరి చెవి

ఆర్కెస్ట్రాలో అతన్ని అందరూ ఉరుము అంటారు. ఉరిమేది అతను కాదు, అతని బేస్ గిటారు. మనిషి మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రాలు పెళ్లిళ్లలోనో సభల్లోనో వాయిస్తాడు. ఏళ్ల తరబడి ఒకటే యాంప్లిఫయరు, ఒకటే స్పీకరు పెట్టె. మూలలు కొట్టుకుపోయిన ప్లైవుడ్ పెట్టె, అందులో పెద్ద స్పీకరు ఒక్కటి.

ఆ పెట్టె పలుకే వేరని నలుగురిలో పేరు. ఆ పేరులో సగం అతని భార్యదని బయటివాళ్లకు తెలియదు.

ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసేది. సంగీతం రాదు. ఇంట్లో అతను సాధన చేస్తుంటే పాట మధ్యలో మొహమాటం లేకుండా ఆవులించేది. కానీ ఏ హాలుకు వెళ్లినా, జనం రాకముందు, తలుపు పక్కన వెనక గోడకు ఆనుకుని నిలబడేది. అతను లావు తీగ మీటేవాడు. ఆమె అరచేయి కిందికి దించితే తగ్గించమని. చెవి తమ్మె పట్టుకుంటే, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు ముద్దగా ఉందని. బ్యాగు భుజానికి తగిలించుకుని టీ కోసం బయటికి నడిచిందంటే కుదిరిందని. ఇక ఆ పూటకు అతను నాబ్ ముట్టుకునేవాడు కాదు.

పోయిన చలికాలం ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆమె పోయింది.

ఆ తర్వాత మొదటి కచేరీలోనే పెట్టె చచ్చిపోయినట్టు అనిపించింది అతనికి. ఇంటికొచ్చి వెనక మూత విప్పాడు. స్పీకరు కాగితం చిరగలేదు, వైర్లు ఊడలేదు. రిపేరు చేసే ఆయన బల్ల మీద పెట్టి వాయించి చూసి, "దీనికి ఏ రోగమూ లేదు గురువుగారూ" అన్నాడు. అతను నమ్మలేదు. పాతవాటిని మూలకు నెట్టి పెద్ద యాంప్ తెచ్చాడు. నాలుగు స్పీకర్ల పెట్టె తెచ్చాడు. అది గరగరమంటోందని తిరిగిచ్చేసి, నడుమెత్తు పెట్టె ఇంకోటి తెచ్చాడు. ఏది తెచ్చినా చాలదు. బేస్ నాబ్ ఇంకాస్త తిప్పుతాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారు గానీ బావా, నీ మద్దెలలు వ్యానులో పట్టడం లేదు" అన్నాడు డ్రమ్స్ వాయించే బావమరిది. ఆమె తమ్ముడే.

"నీ డప్పు సంగతి నువ్వు చూసుకో."

ట్రూపు నడిపే గాయకుడు మాత్రం నవ్వలేదు. "అన్నా, ముందు కుర్చీలు ఊగుతున్నాయంటున్నారు. వెనకవాళ్లకు నా పాటలో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. వచ్చే కచేరీ కూడా ఇలాగే ఉంటే బేస్ కీబోర్డు మీదే కానిచ్చేస్తా. మనసులో పెట్టుకోకు."

అద్దాల పని పోతే అతను ఇంకో పని వెతుక్కోగలడు. గిటారు పోతే సాయంత్రాలన్నీ ఆ ఇంట్లోనే గడపాలి.

తర్వాతి కచేరీ రోజు హాలు ఇంకా ఖాళీగా ఉంది. బావమరిది ఎవరూ అడక్కుండానే పాత యాంప్‌నూ పెట్టెనూ కూడా మోసుకొచ్చి స్టేజీ మీద పెట్టాడు. తిన్నగా వెళ్లి వెనక గోడకు ఆనుకున్నాడు.

"వాయించు బావా. నేను వింటా."

"అక్కణ్నుంచి తప్పుకో."

"ఎవరో ఒకరు వినాలి కదా?"

"తప్పుకోమన్నానా!"

ఉరుము ఉరమడం ఎవరూ ఎరగరు. వైర్లు సర్దుతున్నవాళ్లు తలలెత్తారు.

బావమరిది కదల్లేదు. "నీకు పెళ్లామైతే నాకు అక్క కాదా? ఇక్కడ నేను నిలబడకూడదా? పోనీ, నువ్వే వచ్చి నిలబడు. పెట్టె పక్కనే నిలబడితే ఏం వినపడుద్ది నీకు? దీపం కింద చీకటి."

అతను సంచిలోని కేబుళ్లన్నీ తీసి ఒకదానికొకటి తగిలించి, ఒక కొస కొత్త యాంప్‌కు గుచ్చాడు. గిటారు మెడలో వేసుకుని మెట్లు దిగి కుర్చీల మధ్య నుంచి నడిచాడు. బావమరిది ఎదురొచ్చి, తప్పుకుని, యాంప్ దగ్గరికి వెళ్లాడు.

అతను గోడకు ఆనుకుని లావు తీగ మీటాడు.

వీపు వెనక గోడ అదిరింది. తలుపు గడియ గలగలలాడింది. మోత అణగకముందే దాని మీద ఇంకో మోత వచ్చి పడింది. ఒట్టి బురద. ఇన్నాళ్లూ దీన్నా జనం నెత్తిన కుమ్మరించింది? పెట్టె పక్కన చాలదనిపించినదంతా ఇక్కడికొచ్చి కుప్పపడుతోంది. పాత పెట్టెకు ఏమీ కాలేదు. స్టేజీ మీద అది మొదట్నుంచీ పల్చగానే పలికేది. ఆమె బయటికి నడిచేది కనక అతను నమ్మేవాడు, అంతే.

తెలియకుండానే అరచేయి కిందికి దించాడు.

అవతల బావమరిది చేయి నాబ్ మీదే ఆగిపోయింది. ఆ సైగ ఎవరిదో వాడికీ తెలుసు. ముక్కు ఎగబీల్చి, తగ్గించాడు. అరచేయి మళ్లీ దిగింది. తర్వాత చెవి తమ్మె. చివరికి బావమరిది కేబులు పీకి పాత యాంప్‌కు గుచ్చాడు. అతను మళ్లీ తీగ మీటి పాత పెట్టెను పలికించాడు.

ఈసారి గడియ చప్పుడు చేయలేదు. స్వరం గుండ్రంగా వచ్చి, ఛాతీకి తగిలి, అక్కడే ఆగింది.

"కుదిరిందా బావా?"

అతను తలూపాడు.

హాలు నిండింది. స్టేజీ మీద, పెట్టె పక్కన, మళ్లీ అదే పల్చటి పలుకు. మొదటి పాట సగంలో చేయి దానంతటదే నాబ్ మీదికి పోయింది. తలెత్తి వెనక గోడ వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆమె ఉన్న రోజుల్లోనూ ఈ వేళకు అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

చేయి వెనక్కి తెచ్చి తీగల మీద వేశాడు.