రెండు టైమ్‌టేబుళ్ల మధ్య డ్రాయింగ్ టీచరు

ఆమె వారానికి ఆరు పీరియడ్ల మనిషి. ఒక్కటి తగ్గినా ఉద్యోగం ఉండదని నియామక పత్రంలోనే ఉంది. పదకొండేళ్లుగా ఆరు తగ్గలేదు, ఏడు కాలేదు. లెక్కల టీచరు సెలవు పెడితే బడంతా తెలుస్తుంది. ఈమె సెలవు పెడితే రంగుపెన్సిళ్ల డబ్బాకు తెలుస్తుంది.

టైమ్‌టేబుల్ వేసేది సైన్సు మాస్టారు. ఎక్కడో ఎవరో కొందరు కలిసి, అందరికీ ఉచితంగా రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌తో వేస్తారు. ఆ సంవత్సరం వాళ్లలో వాళ్లకు పడలేదు. సగంమంది అదే సాఫ్ట్‌వేర్‌ను వెంట తీసుకెళ్లి, కొత్త పేరుతో వేరుకాపురం పెట్టారు. తెరమీద గుర్తు మాత్రం రెండింటికీ ఒకటే, నీలం గడియారం.

మాస్టారి కంప్యూటర్లోకి కొత్తది వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో పాతదే ఉండిపోయింది. టీచర్ల ఫోన్లు సగం ఇటు, సగం అటు. పాతదాంట్లో డ్రాయింగ్‌కు ఆరు పీరియడ్లు. కొత్తదాంట్లో నాలుగు. నెలాఖరు శుక్రవారం తనిఖీ కమిటీ వచ్చి, ఎవరు ఎన్ని పాఠాలు చెప్పారో తరగతి రిజిస్టర్లలో సంతకాలు చూస్తుంది.

"అసలుది పాతదేనండీ. పేరు వాళ్ల దగ్గరే ఉంది," అంది లెక్కల టీచరు.

"పేరు పెట్టుకుని ఏం చేస్తారు? పనిచేసేవాళ్లంతా ఇటొచ్చేశారు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మీకెవరు చెప్పారు?"

"మా బావమరిది."

"ఆయనేమైనా రాశాడా దాన్ని?"

"వాడతాడు."

రాసినవాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఎరగకుండానే స్టాఫ్‌రూమ్ రెండు బల్లలుగా విడిపోయింది.

ఇంట్లో అత్తగారు అడిగింది. "పైసా తీసుకోరన్నావుగా, మరి దాయాదుల తగవు దేనికే?"

"ఎవరిది అసలుదో తేలాలట."

"అది తేలేలోపు నువ్వు మునిగేట్టున్నావు."

సోమవారం ఏడో తరగతికి ఇద్దరు టీచర్లు వెళ్లారు. ఎనిమిదో తరగతికి ఎవరూ వెళ్లలేదు. ఆ ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఫోన్లు చూపించుకుంటూ వాదించుకుంటున్నారు. ఆమె ఎనిమిదో తరగతిలోకి వెళ్లి సుద్దముక్క తీసుకుంది. పీరియడ్ అయ్యాక రిజిస్టర్లో సంతకం పెట్టింది. మర్నాడు ఇంకో గది. ఇద్దరు కొట్లాడుకుంటున్న ప్రతిసారీ ఎక్కడో ఒక తరగతి ఖాళీగా ఉంటుందని ఆమెకు అర్థమైంది.

మూడోవారం సైన్సు మాస్టారు ఆమెను వరండాలో ఆపాడు.

"కిటుకు దొరికింది టీచరుగారూ. రెండింటినీ రేపటికల్లా ఒకటి చేసేస్తాను."

"తొందరేముంది మాస్టారూ? అన్నదమ్ముల తగవు. మధ్యలో మనమెందుకు?"

"మీ పీరియడ్లు పోతాయని మీరేగా బెంగపెట్టుకున్నది!"

"పెట్టుకున్నానండీ," అంది ఆమె.

నెలాఖరు శుక్రవారం కమిటీ పెద్దాయన రిజిస్టర్లు తిరగేసి కళ్లద్దాలు తీశాడు. "వారానికి పద్నాలుగా? ఒక్కరేనా?"

"మా డ్రాయింగ్ టీచరుకు ఓపిక ఎక్కువండి," అంది హెడ్‌మిస్ట్రెస్. ఆ సంగతి డ్రాయింగ్ టీచరుకూ అప్పుడే తెలిసింది.

ఉద్యోగం నిలిచింది. సోమవారం పొద్దున్నే మాస్టారు మళ్లీ వచ్చాడు.

"ఇప్పుడైనా కలిపేయమంటారా?"

ఆమె రంగుపెన్సిళ్ల డబ్బా అందుకుంది.

"ఈ వారం ఆగండి. ఎనిమిదోవాళ్లు ఎవరి ఎడమచెయ్యి వాళ్లు చూసుకుని గీస్తున్నారు. ఇంకా రెండు వేళ్లు గీయాలి."