కళ్ళం గింజలు వద్దన్న ఏడు

మొన్న బ్యాంకులో సంతకం పెట్టబోతుంటే స్టాంపు ప్యాడ్ వాసన ముక్కుకు తగిలి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది. మా అయ్య రబ్బరు స్టాంపు చేయించి తెచ్చిన రోజు ఇల్లంతా అదే వాసన.

అరవైల చివర, గరివిడి దగ్గర మా ఊళ్ళో అయ్యది తప్పెటగుళ్ళ జట్టు. పద్నాలుగు మంది మగవాళ్ళు గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగిరెగిరి పాడుతుంటే, లేచిన దుమ్మంతా ముందు వరసలో కూర్చున్న మా ఆడపిల్లల జడల్లోకి చేరేది. ఆ జట్టును పోషించింది కళ్ళాలే. నూర్పులప్పుడు, కొత్త గడ్డి దురదకు మేం ఒళ్ళు గోక్కుంటూ ధాన్యం కుప్పల చుట్టూ పరుగులు పెడుతుంటే, ఇంటికో కుంచం చొప్పున రైతులే పిలిచి జట్టు గంపలో పోసేవారు. గజ్జెలకూ రేకులకూ గంగమ్మ పండగనాటి వంటకూ అవే ఆధారం.

ఒక ఏడు ఊరికొచ్చిన అధికారి, సంఘం పెట్టుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుందన్నాడు. దానికో పేరు, అధ్యక్షుడు, కార్యదర్శి, స్టాంపు కావాలట. వేలిముద్ర వేసే మా అయ్య అధ్యక్షుడయ్యాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండు చోట్లా పుచ్చుకోవడం తప్పని, దరఖాస్తు పెట్టిన వారానికే కళ్ళాలన్నీ తిరిగి చెప్పొచ్చాడు.

"ఈయేడు మాకు గింజలొద్దు మావా. గవర్మెంటోలు ఇత్తన్నారు."

"సేతికొచ్చినాక సెప్పొచ్చు కదా, ఏటీ తొందర?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. అయ్య వింటేనా!

డబ్బు రాలేదు. ఆఫీసు చుట్టూ తిరిగితే ఒకసారి సభ్యుల వయసులు రాయలేదన్నారు, ఇంకోసారి తీర్మానం జతచేయలేదన్నారు, ఆనక అసలు కాగితమే కనబడలేదన్నారు. మరుసటి నూర్పులకు అయ్య గంప పట్టుకుని బయల్దేరాడు, వెనకాలే నేనూ వెళ్ళాను. వరసకు మావయ్యయ్యే రైతు ధాన్యం కొలుస్తున్నవాడల్లా ఆగి, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు.

"మీకు గవర్మెంటు పెడతన్నాది కదరా, మా గింజలేటికి?"

ఆ మాటలో వెటకారం లేదు, నాకు మింగుడుపడనిది అదే. ఇంకా రాలేదని చెప్పుకోవడానికి మా అయ్యకు సిగ్గు. ఖాళీ గంపతో వెనక్కి తిరిగాడు. "సెప్పీయొచ్చు కదయ్యా" అంటే "నువ్వూరుకోయే" అని కసిరాడు. రెండేళ్ళలో జట్టులో సగం మంది మాంగనీసు గనుల్లో కూలికి చేరిపోయారు.

ఇప్పుడు మా ఊళ్ళో కళ్ళాలే లేవు, కోత యంత్రం పొలంలోనే నూర్చి బస్తాలకెత్తుతోంది. కళాకారులకు పథకాలు మాత్రం బోలెడు. కిందటి నెల ఎవరో ఉద్యోగి ఫోన్ చేసి, మీ నాన్నగారి జట్టు ఆడుతున్న ఫోటో ఒకటి పంపితే డబ్బు తప్పకుండా వస్తుందన్నాడు. పద్నాలుగు మందీ పోయారు నాయనా అని అరిచాను.

అతను ఎంతో మర్యాదగా, "అయ్యో, అప్పుడే అప్లై చేసుకోవాల్సిందండీ" అన్నాడు.