ఇంట్లో ఉన్నదాని మీద పాట

ఈజిప్టు రేవు పట్నం పోర్ట్ సయీద్‌లో పాటలు రాసే రిఫ్అత్ నలభై ఏళ్లుగా విరహమే రాస్తూ వచ్చాడు. ప్రతి పాటలోనూ ఎవరో ఒక నిర్దయురాలు అతణ్ణి వదిలేసి ఓడెక్కి వెళ్లిపోయేది. భార్య ఇన్షిరాహ్ మాత్రం ఒక్కరోజైనా పుట్టింటికి వెళ్లిన పాపాన పోలేదు.

ఒకరోజు చేపల కొట్టువాడు ఆమెను ఆటపట్టించాడు. “ఏమమ్మా, మా ఉస్తాద్‌ని ఇంకా ఎన్నిసార్లు వదిలేస్తావు? రేడియో పెడితే చాలు, ఏడుపొస్తోంది!”

ఆమె ఇంటికొచ్చి చేపల సంచి తెచ్చి అతని కాగితాల మీదే పెట్టింది. “వదిలిపోయినదాని మీద నూరు పాటలు రాశావు. ఇంట్లో ఉన్నదాని మీద ఒక్కటి రాయవయ్యా!”

సరేనన్నాడు గానీ మూడు నెలలైనా కలం కదల్లేదు. సుఖంగా ఉన్నవాడికి ప్రాసలు దొరకవని గొణిగాడు. చివరికి విసిగిపోయి, ఆమె రోజూ తిట్టే తిట్లనే వరసలో పెట్టాడు: చొక్కా మీద సిరా, చల్లారిపోయిన టీ, పిలిస్తే పలకని చెవులు. చదివి వినిపిస్తే ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “సగమే రాశావు. గురక మర్చిపోయావు.”

ఆ వేసవిలో ఏ పెళ్లింట చూసినా ఆడవాళ్లు డప్పు కొడుతూ ఆ పాటే పాడారు. రిఫ్అత్ వీధిలోకి వస్తే కిటికీల్లోంచి తిట్లు రాగంతో సహా వినిపించేవి. తలవంచుకుని నడిచేవాడే గానీ, అతని అడుగు ఆ తాళానికే పడేది.