ఎండల దేశంలో వెలుతురు వైద్యం

ఆ పొద్దు ఇస్త్రీ పెట్టె మేడం పైనేసుకునే అబాయా మీద పెట్టి, నిలబడినట్లే నిద్రపోయినా. కాలిన వాసనకు ఉలిక్కిపడి చూస్తే నల్లబట్ట మీద పెట్టె అచ్చు పడిపోయి ఉండె. నిలబడి నిద్రపోయేది గుర్రమొకటే అని అంతవరకూ అనుకుంటాంటి.

మాది కడప పక్క పల్లె. మస్కట్‌లో ఆ ఇంట్లో నాకది మూడో చలికాలం, రెండువేల ఎనిమిది. మేడం ఇస్కూల్లో టీచరు. ఇంటి పనితో పాటు మేడం అత్తను చూసుకునేది కూడా నేనే. పెద్దామెకు మోకాళ్ళ నొప్పులు, కండ్లు మసక. చెయ్యి చాపినంత దూరం దాటితే అది మనిషో గోడో ఆమెకు తెలీదు. పొద్దునా సాయంత్రం కంట్లో చుక్కలు నేనే వేస్తాంటి.

చలి మొదలైనప్పట్నుంచే నాకు తేడాగా ఉన్నింది. పొద్దున లేస్తే ఒళ్ళు ఇసుక మూట మాదిరి బరువు. పగలంతా ఆవలింతలు, పండుకుంటే కంటి మీదికి కునుకు రాదు. మేడం నా మొహం చూసి, "రాత్రిళ్ళు ఫోన్లో ఎవరితో మాట్లాడ్తాండావు?" అని అడిగె. నా సెల్లు తీసుకొని నొక్కి నొక్కి చూసె. దాంట్లో ఏముంటాది, నా కూతురు నంబరు తప్ప! పిల్ల తిరుపతిలో నర్సింగ్ చదువుతాండె, ఇంకా ఒక సంవత్సరం మిగిలి ఉండె. నాకు రోగమని తేలితే "అన్‌ఫిట్" అని టికెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. దాని చదువు ఆడికే ఆగిపోతాది. ఆ భయంతోనే ఒంట్లో బాగలేదని నోరు తెరవలా.

అబాయా కాలినాక ఇంక దాచేదేముంది? మేడం రూవి అనే పేటలో ఒక క్లినిక్కుకు తీసకపోయె. డాక్టరు హైదరాబాదు సాయిబు. నాతో ఉర్దూ, మేడంతో ఇంగ్లీషు. బ్లడ్ టెస్ట్, షుగర్, థైరాయిడ్ అన్నీ రాసె. రిపోర్టులొచ్చినాక, "సబ్ నార్మల్ హై అమ్మా. విటమిన్ డి కొంచెం తక్కువ, అంతే," అనె. నాకు కండ్ల జబ్బులేమన్నా ఉండాయా అని కూడా అడిగి, తర్వాత మేడం వైపు తిరిగి శానాసేపు ఇంగ్లీషులో మాట్లాడె. లైట్, లైట్ అనే మాట మాత్రం నా చెవిన పడె. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, నా సంగతే నాకు రాని భాషలో మాట్లాడుకుంటాంటే ఎవరికైనా అనుమానం రాదా చెప్పండి?

కార్లో మేడం చెప్పె: "నీకు వెలుతురు చాలడం లేదంట. లైట్ థెరపీ అంట. రోజూ అరగంట లైటు దగ్గర కూర్చో."

నవ్వొచ్చె, ఒళ్ళు కూడా మండె. మాడు పగిలే ఎండల దేశంలో నాకు వెలుతురు తక్కువంట! ఎవరి చెవిలో పూలు పెడతారు?

ఆ లైటు మేడం తమ్మునిది. ఆ పిల్లోడు ఇంగ్లండులో చదువుతాండె. ఆడ చలికాలం సూర్యుడే సరిగా కనపడడంట, అందుకని కొనుక్కున్యాడంట. సెలవులకొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్యాడు. తెల్లని పలక, చిన్న టీవీ అంత ఉంటాది. నా రూముకు కిటికీ లేదు. ఆ రూములో పెట్టి స్విచ్చేస్తే ఆపరేషన్ థియేటర్ అయిపాయె. నేను దాన్ని వెనక్కి తిప్పి, సందుల్లోకి తొంగి తొంగి చూస్తి. ఫోన్లో ఏమీ దొరకలేదు కదా, ఇప్పుడు కెమెరా పెట్టినారేమో. ఇంట్లో పనిమనిషికి ఇంత పెద్ద లైటు ఊరకే ఎవరిస్తారు? బట్టలు మార్చుకునేటప్పుడు దాని మీద తువ్వాల కప్పుతాంటి.

పొద్దున నాకు తీరుబడి యాడిది? అందుకని పనంతా అయినాక, పండుకునే ముందు దాని పక్కన కూర్చుంటాంటి. వారం తిరిగేపాటికి ఉన్న కునుకు కూడా పాయె. కండ్లు మూస్తే మూతపడవు. అప్పుడు నాకు తట్టె. మా ఊరి పక్క కోళ్ళ ఫారంలో రాత్రంతా లైట్లేసి కోళ్ళతో గుడ్లు పెట్టిస్తారు. ఇదీ అదే! నిద్ర రానీకుండా చేసి ఇంకింత పని పిండుకునే మిషన్ ఇది. ఫోన్లో కూతురికి చెప్తే, "నువ్వు దేవున్ని కూడా అనుమానిస్తావు. పోయి డాక్టర్నే అడుగు," అని కసిరె.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు అడిగె: "లైట్ కే పాస్ కబ్ బైఠ్తే అమ్మా? ఏ పూట?"

"పనంతా అయినాక, పండుకునే ముందర," అంటి.

ఆయన నెత్తి పట్టుకునె. "సుబహ్ అమ్మా, సుబహ్! పొద్దున లేస్తూనే. రాత్రి పెట్టుకుంటే నీ బాడీ క్లాక్ అదే పగలనుకుంటాది, ఇంక నిద్రెట్లొస్తాది?"

నేను మేడం వైపు చూస్తి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తాండె. పొద్దున అనే మాట మొదటిసారే ఆమెకు ఇంగ్లీషులో చెప్పినాడంట. నా దాకా అది రాలా. నాకు ఏడుపొచ్చె, కోపమూ వచ్చె. ఆయన రాసిచ్చిన విటమిన్ టాబ్లెట్లు తీసుకుంటి.

పొద్దున నేను కూర్చుంటే నాష్టా ఎవరు చేస్తారని మేడం ఆలోచన చేసి, లైటును వంటింట్లోకి మార్చె. పిండి పిసికే బండ పక్కన పెట్టుకొని, దాని దిక్కు నేరుగా చూడకుండా నా పని నేను చేసుకుంటాంటి. మెల్లమెల్లగా రాత్రి కన్ను మూతపడసాగె, పొద్దున ఒళ్ళు తేలికాయె. లైటు పని చేసిందో, విటమిన్ డి టాబ్లెట్లు పని చేసినాయో నాకు తెలీదు. రెంటినీ నేను నమ్మలా.

ఇంతలో తమ్మునికి సెలవులైపాయె. లైటు పెట్టెలో సర్దుకొని పాయె. మళ్ళీ ఆవలింతలు మొదలాయె. డాక్టర్ని అడిగితే నవ్వి, "బయట దానికంటే పెద్ద లైటుంది కదమ్మా. పొద్దున కాసేపు ఎండలో తిరుగు," అనె. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అట్లుండె నా సంగతి.

అప్పుడు లెక్క కుదిరె. ఎండాకాలం అందరం రుస్తాఖ్‌లో వీళ్ళ ఖర్జూరం తోటకు పోతాము, పొద్దస్తమానం బయటే. ముందు రెండు చలికాలాలు రోజూ పొద్దున మిద్దె మీద గుడ్డలారేస్తాంటి. ఆ సంవత్సరం మేడం బట్టలారబెట్టే మిషన్ తెచ్చె. నేను మిద్దెక్కే పని తప్పిందని నేనే సంబరపడితి. కర్టెన్లు తియ్యని ఇంట్లో అప్పట్నుంచి నాకు సూర్యుడే లేడు.

"గుడ్డలు పైనే ఆరేస్తా మేడం," అంటి.

ఆమె మొహం మారిపాయె. "మిషనుండగా పైకెందుకు?" ఎదురింటి డ్రైవరు తెలుగాయన, ఆ ఇంటి మిద్దె మీద ఎప్పుడూ ఫోన్లో మాట్లాడ్తాంటాడు. ఆమె మనసులో ఏముందో నాకు తెలిసె. నేనే మేడమైతే నేనూ నమ్మను. ఈ దెబ్బతో టికెట్ చేతిలో పెడతారనుకుంటి.

సోఫా మీదున్న పెద్దామె చేతికర్ర నేలకేసి కొట్టె. "దాని వెంట నేను పోతా. నేను కాపలా ఉంటా."

మేడం అత్తను చూసె. నన్ను చూసె. "అత్త చూస్తాంటే సరే," అనె.

ఆ మోకాళ్ళతో ఆమె ఒక్కొక్క మెట్టూ నా భుజం పట్టుకొని ఎక్కె. వాటర్ ట్యాంకు పక్కన కుర్చీ వేసి, కహ్వా కాఫీ చేతికిస్తి. ఎండ మొహం మీద పడితే ఆమె కండ్లు మూసుకునె. అట్లే అడిగె: "ఎదురుగా ఎవరన్నా ఉండారా?"

డ్రైవరు ఉండాడు, ఫోన్లో. "ఎవరూ లేరు," అంటి.

"జైన్, మంచిది. నాకూ ఎవరూ కనపడలా," అని నవ్వె.

ఆ చలికాలమంతా ఇద్దరం ఎక్కినాము. నాకు నిద్ర కుదిరె. పిల్ల నర్సింగ్ పూర్తి చేసె. ఇప్పుడు ఊర్లోనే ఉండా. పొద్దున లేస్తూనే మిద్దె మీదే గుడ్డలారేస్తా, మిషన్ కొనిస్తానని కూతురంటే వద్దంటి.

నేను చెప్పేది ఒకటే. అలసట తగ్గకపోతే టెస్టులు చేయించుకోండి. ఏ వైద్యమిచ్చినా ఏ పూట చెయ్యాల్నో డాక్టరు నోటితోనే, మీకొచ్చిన భాషలో, మీ చెవులతో మీరే వినండి. మధ్యలో ఎవర్నీ నమ్మొద్దు. నేను ఆ లైటును నమ్మలా, టాబ్లెట్లను నమ్మలా, మేడాన్ని నమ్మలా. కానీ కండ్లు కనపడని మనిషిని కాపలా పెడతాంటే, ఆ సంగతి బాగా తెలిసిన మేడం సరే అనింది చూడండి, ఆ ఇంట్లో నేను అనుమానపడనిది ఆ ఒక్క మాటనే.